ట్యాంకు లేని ఇంట్లో తలంటు

బాబాయి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో 210 మెగావాట్ల యూనిట్ల మధ్య ఉద్యోగమంతా గడిపి రిటైరైన ఇంజనీరు. అబ్బాయి టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో స్థిరపడ్డ సాఫ్ట్‌వేరు మనిషి. వాళ్ళింటి బయటి గోడకి సూట్‌కేసంత గ్యాస్ హీటరొకటి వేలాడుతుంటుంది. దానికి ట్యాంకు లేదు. లోపల పంపు తిప్పితే మంట అంటుకుంటుంది, కట్టేస్తే ఆరిపోతుంది. దీపావళికి ఇంటినిండా చుట్టాలు. ఎనిమిదిమంది తలంట్లూ అయ్యాక, కాఫీల దగ్గర మొదలైంది ఈ వాదన. నేను విన్నదాంట్లో మర్యాద మాటలు తీసేశాను, లెక్కలు ఉంచాను.

అబ్బాయి: చూశారుగా బాబాయ్. ఎనిమిదిమందిమి వరసపెట్టి తలంటుకున్నాం, ఒక్కళ్ళకీ చన్నీళ్ళు తగల్లేదు. పాత ఇంట్లో యాభై గాలన్ల ట్యాంకు ఉండేది, మన లెక్కలో 190 లీటర్లు. ముగ్గురు పోసుకునేసరికి నాలుగోవాడికి వణుకే.

బాబాయి: ముగ్గురికే ఖాళీ అయిందంటే తప్పు ట్యాంకుది కాదురా, మీ షవర్లది. నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తుందది?

అబ్బాయి: 2.5 గాలన్లు మించకూడదని 1992లోనే ఇక్కడ చట్టం చేశారు.

బాబాయి: అంటే తొమ్మిదిన్నర లీటర్లు. పది నిమిషాలు నిలబడితే 95. మీ పిన్ని ఇవాళ రెండు బకెట్లతో కుంకుడురసం కూడా వదలగొట్టుకుని వచ్చింది. నలభై లీటర్లు అయ్యుండవు. మీ అబ్బాయి లోపలికెళ్ళి ఎంతసేపటికి వచ్చాడో నేను గడియారం చూస్తూనే ఉన్నాను. ట్యాంకు ఉన్న ఇంట్లో వాడు అంతసేపు ఉండగలడా? చల్లబడగానే బయటికొస్తాడు. అయిపోవడం అనేది ఒకటుంటేనే మనిషికి ఆపడం తెలుస్తుంది. మీ మిషను ఆ హద్దు తీసేసింది.

అబ్బాయి: పిల్లాణ్ణి పెంచే బాధ్యత వాటర్ హీటరు మీద పెట్టమంటారా?

బాబాయి: నువ్వు తీసుకోనప్పుడు ఎవరో ఒకరు తీసుకోవాలిగా.

కోడలు: మధ్యలో మాట్లాడుతున్నాననుకోకండి మావయ్యగారూ. ఆ నాలుగోవాడు, నాలుగోవాడు అంటున్నారే, ఆ నాలుగోవాడు ఎప్పుడూ నేనే. పిల్లలకి స్కూలు, ఈయనకి మీటింగు, వచ్చినవాళ్ళు పెద్దవాళ్ళు. అందరూ అయ్యాక స్టవ్ కట్టేసి నేను వెళ్ళేసరికి ట్యాంకులో మిగిలేవి గోరువెచ్చనివి. పండగపూట కూడా అంతే. ఈ డబ్బా గోడకెక్కాక ఆ వరస పోయింది. దీని మీద మీరు ఎన్ని లెక్కలు చెప్పినా వింటాను గానీ, నా ఓటు మటుకు మారదు.

(బాబాయి దీనికి జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఉందని నేననుకోను. నీళ్ళు కాచుకునే ప్రతి ఇంట్లోనూ ఆఖరి బకెట్టు ఎవరిదో అందరికీ తెలుసు. కాగు రోజుల్లోనూ అంతే, గీజరు రోజుల్లోనూ అంతే.)

అబ్బాయి: రెండోది, ఖర్చు. ట్యాంకులో నీళ్ళు వాడినా వాడకపోయినా ఇరవైనాలుగు గంటలూ వేడిగా కూర్చోవాలి. మేం ఆఫీసుకి పోయినప్పుడూ, ఇండియాకి వచ్చినప్పుడూ అది కాగుతూనే ఉంటుంది. ఆ దండగ దీంట్లో లేదు. ఇక్కడి ఇంధన శాఖ వాళ్ళు వేసిన అంకెలే ఉన్నాయి: 24 నుంచి 34 శాతం ఆదా.

బాబాయి: ఆ వాక్యం మొత్తం చదువు. ఎవరికి?

అబ్బాయి: రోజుకి 41 గాలన్ల లోపు వాడే ఇళ్ళకి.

బాబాయి: అంటే 155 లీటర్లు. 86 గాలన్లు, అంటే పాతిక తక్కువ మూడొందల యాభై లీటర్లు వాడే ఇంటికి?

అబ్బాయి: 8 నుంచి 14 శాతం.

బాబాయి: చూశావా, వాడకం పెరిగేకొద్దీ నీ ఆదా తరిగిపోతుంది. ఎందుకంటే ట్యాంకు దండగంతా ఊరికే కూర్చున్నప్పుడు. ఎనిమిదిమంది పోసుకున్న ఇంట్లో అది కూర్చున్నదెక్కడ? ఇద్దరే ఉండి పొదుపుగా వాడేవాళ్ళకి నీ మిషను లాభం. కానీ మీరు దాన్ని కొన్నదేమో ఎంత వాడినా అయిపోదని. ఆ రెండు గొప్పలూ ఒకే ఇంట్లో ఎలా కుదురుతాయిరా?

అబ్బాయి: తగ్గినా ఆదా ఆదాయే కదా.

బాబాయి: సరే, దాని బర్నరు ఎంత?

అబ్బాయి: 1,99,000 బీటీయూలు.

బాబాయి: కిలోవాట్లలో చెప్పు. నేనే చెప్తాను, 58. పాత ట్యాంకుది 40,000, అంటే 12 లోపు. ఒక్క ఇంట్లో స్నానానికి 58 కిలోవాట్ల మంట! మా బెజవాడ ఫ్లాట్‌లో గీజరు 2 కిలోవాట్లు. మొత్తం ఇంటి కనెక్షనే 5.

అబ్బాయి: ఎప్పుడూ అంత మండదు. ఎన్ని పంపులు తిప్పితే అంత మంట. అదే దాని తెలివి.

బాబాయి: తెలివిని కాదనడం లేదు. చలికాలం 10 డిగ్రీల నీళ్ళు 40కి తేవాలి. 95 లీటర్లు, 30 డిగ్రీలు. మూడుంబావు యూనిట్ల వేడి. నువ్వు పది నిమిషాల్లో ఇవ్వాలంటే 20 కిలోవాట్లు కావాలి. ట్యాంకు అదే పని గంటలో నింపాదిగా చేస్తే మూడుంబావు చాలు. వేడి అంతే, తొందర తేడా. నా సర్వీసంతా ఈ తొందరతోనే గడిచింది. ఊరంతా ఒకే గంటలో స్విచ్చులు వేస్తుంది, ఆ గంట కోసం మిగతా ఇరవైమూడు గంటలూ యూనిట్లు సిద్ధంగా ఉంచాలి. శ్రీశైలం ఎడమ గట్టున 150 మెగావాట్లవి ఆరు మిషన్లు పెట్టారు. పగ్గాలు తిప్పినట్టు అవి అటూ ఇటూ తిరుగుతాయి. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్ళు పైకి తోడతాయి, అవసరమైనప్పుడు అవే నీళ్ళు వదులుతాయి. 900 మెగావాట్లు. నిల్వ ఉంచుకోవడానికి ప్రభుత్వాలు కొండలు తవ్వుతుంటే, మీరు ఇంట్లో ఉన్న నిల్వని తీసి అవతల పారేశారు.

అబ్బాయి: అది కరెంటు సంగతి బాబాయ్. నాది గ్యాసు. పైపులో గ్యాసు ఒత్తిడితో నిండి ఉంటుంది, ఆ పైపే నా ట్యాంకు. కరెంటుతో నడిచే ట్యాంకులెస్ అయితే మీతో నేనూ కలుస్తాను. ఇంటి మొత్తానికి సరిపడేది 27 కిలోవాట్లు లాగుతుంది. 240 వోల్టుల మీద 112 యాంపియర్లు. ఇంటికొచ్చే 200 యాంపియర్లలో సగం పైన ఒక్క స్నానానికే. దాన్ని ఎవరైనా అడిగితే వద్దనే చెప్తాను.

బాబాయి: ఒప్పుకున్నావు. పైపే నీ ట్యాంకన్నావు చూడు, దాన్ని కూడా గుర్తుంచుకో. నిల్వ లేని వేన్నీళ్ళంటూ లేవు. నీ గోడ మీద లేకపోతే వేరేవాడి గొయ్యిలో ఉంది. అద్దె వాడు కడుతున్నాడు, నువ్వేమో దండగ లేదంటున్నావు.

అబ్బాయి: పోనీ, వాడి దగ్గరే ఉండనివ్వండి. నా నెత్తిమీద కంటే నయం. నెత్తిమీద అంటే మాట వరసకి కాదు. ఈ ఊళ్ళో ట్యాంకుల్ని అటక మీద పెడతారు. 190 లీటర్ల ఇనపపీపా, పడగ్గది సీలింగు పైన! కింద ఒక పళ్ళెం, ఆ పళ్ళేనికి ఒక గొట్టం. పీపా తుప్పుపట్టి పగిలినరోజు ఆ పళ్ళెం ఏం ఆపుతుంది? పాత ఇంట్లో మేం సినిమాకెళ్ళి వచ్చేసరికి హాల్లో సీలింగు తడి అట్టలా వేలాడుతోంది. దానికి నీళ్ళ లైను కలిపి ఉంటుంది కాబట్టి కారడం ఆగదు, వస్తూనే ఉంటాయి. ఈ గోడ మీది డబ్బా పగిలితే గడ్డి తడుస్తుంది.

బాబాయి: అటక మీద పెట్టినవాడి బుద్ధికి ట్యాంకేం చేస్తుంది? దాన్ని గ్యారేజీలో నేలమీద పెట్టొచ్చు. దాంట్లో మెగ్నీషియం కడ్డీ ఒకటుంటుంది, ఇనుముకి బదులు అది తుప్పుపట్టి అరిగిపోతుంది. నాలుగైదేళ్ళకోసారి మారిస్తే ట్యాంకు పగలదు.

అబ్బాయి: మార్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. ఇల్లు కొన్న ఏ ఒక్కడికీ ఆ కడ్డీ ఉందనే తెలీదు. పుస్తకంలో పదిహేనేళ్ళు రాస్తారు, పదికే తడి మొదలవుతుంది. ఇది ఇరవయ్యేళ్ళు వస్తుంది.

బాబాయి: ఏం చేస్తే వస్తుంది?

అబ్బాయి: ఏడాదికోసారి వెనిగరుతో కడగాలి. రెండు వాల్వులకి రెండు గొట్టాలు తగిలించి, బకెట్లో తెల్ల వెనిగరు పోసి, చిన్న పంపుతో ఓ గంట తిప్పితే చాలు.

బాబాయి: కడుగుతున్నావా?

అబ్బాయి: ...మొన్నటి ఏడాది కడిగాను.

బాబాయి: కడ్డీ మార్చనివాడు వెనిగరు ఎలా పోస్తాడ్రా! ఇంకో సంగతి విను. ట్యాంకులో సున్నం అడుక్కి దిగుతుంది. కాస్త గ్యాసు ఎక్కువ కాలుతుంది, బుడబుడమని చప్పుడు చేస్తుంది, అయినా పనిచేస్తుంది. నీ మిషన్లో వేలెడు కూడా లేని గొట్టంలోంచి నీళ్ళు పోతున్నాయి, బయట 58 కిలోవాట్ల మంట. గొట్టం లోపల సున్నం పొర పడితే వేడి నీళ్ళలోకి దిగదు, రాగి కాలుతుంది. మా బాయిలర్లకి నది నీళ్ళు నేరుగా పోసేవాళ్ళం కాదు, ఉప్పులన్నీ తీసేసిన నీళ్ళే. దానికో ప్లాంటు, దానికో ల్యాబు, షిఫ్టుకో కెమిస్టు. ట్యూబు మీద పొర ఎంత మందం పడితే లోహం ఎంత వేడెక్కుతుందో మా దగ్గర పట్టికలుండేవి. అదే జాతి మిషన్ని మీరు పెరటి గోడకి తగిలించి, కెమిస్టు పని కూడా మీరే చేస్తామంటున్నారు. శాన్ ఆంటోనియోలా సున్నపురాయి పొరల్లోంచి వచ్చే నీళ్ళున్న ఊళ్ళో అయితే ఇంకా చెప్పక్కర్లేదు.

(ఇక్కడ పిన్ని వంటింట్లోంచి వచ్చింది. చేతులింకా తడిగా ఉన్నాయి.)

పిన్ని: మీ కిలోవాట్లు నాకు తెలీవు గానీ, ఈ మిషనుకి నా చేతివాటం నచ్చదు. కాఫీ గ్లాసులు కడుగుదామని సన్నగా ధార పెట్టాను. ఎంతసేపు చూసినా చన్నీళ్ళే. పెద్దగా తిప్పితే వేడొస్తుంది. మళ్ళీ సన్నం చేస్తే చల్లబడిపోతుంది. నీళ్ళు పొదుపు చేసినవాళ్ళకి ఇదేం శిక్ష?

అబ్బాయి: అది నిజమే పిన్నీ. నిమిషానికి సుమారు రెండు లీటర్లు పారితేగానీ లోపల ఉన్న చక్రానికి తెలీదు. తెలీకపోతే మంట వెయ్యదు. తక్కువ నీళ్ళ మీద మంట వేస్తే గొట్టంలో నీళ్ళు మరిగిపోతాయని అలా పెట్టారు.

బాబాయి: ట్యాంకు అడగదు. చుక్క కావాలంటే చుక్క, చెంబు కావాలంటే చెంబు.

అబ్బాయి: ఎండాకాలం ఇంకా తమాషా. వచ్చే నీళ్ళే వెచ్చగా ఉంటాయి, మనకి కావాల్సిన వేన్నీళ్ళు కాసిని. వేన్నీళ్ళకి చన్నీళ్ళు తోడన్నట్టు చల్లటి పంపు ఎక్కువ తిప్పుతాం. వేడి గొట్టంలో పారేది రెండు లీటర్ల కిందికి పడిపోతుంది, మంట ఆరిపోతుంది. తల నిండా షాంపూతో ఉన్నప్పుడే ఆరుతుంది. అందుకని మే నెలలో 120 ఫారన్‌హీట్ నుంచి 105కి తగ్గిస్తాను. అప్పుడు అచ్చంగా వేడి పంపే తిప్పాల్సొస్తుంది, మంట నిలబడుతుంది.

పిన్ని: ఇంకోటి కూడా అడుగుతాను. మగ్గుతో పోసుకుంటూ బకెట్టు నిండగానే పంపు కట్టేస్తాను. సబ్బు రాసుకుని మళ్ళీ తిప్పితే ముందు వేడి, తర్వాత ఒక దోసెడు చల్లటివి, మళ్ళీ వేడి. ఒంటిమీద పడితే ఉలిక్కిపడ్డాను.

అబ్బాయి: కట్టేసినప్పుడు గొట్టంలో మిగిలిపోయిన వేడి నీళ్ళు ముందు వస్తాయి. మళ్ళీ మంట అంటుకునేలోపు మిషన్లోంచి దాటిపోయిన చల్లటివి వాటి వెనకాల వస్తాయి. ఆగి ఆగి తిప్పేవాళ్ళకే ఆ ఇబ్బంది. షవర్ కింద నిలబడిపోయేవాళ్ళకి తెలీదు.

బాబాయి: అంటే బకెట్టు స్నానం చేసేవాళ్ళని లెక్కలోకి తీసుకోకుండా కట్టిన మిషను.

(ఇది నాకు ఈ వాదన మొత్తంలో గట్టిగా తగిలిన మాట. మిషను పొదుపుదే, సందేహం లేదు. కానీ ధారాళంగా వాడేవాడి చేతికి అమిరిన పొదుపు. సన్నధారలో అంట్లు కడగడం నేర్చిన చేతికి అది వేరే అలవాటు నేర్పుతుంది.)

కోడలు: వేడి వచ్చేదాకా పోయే నీళ్ళ సంగతి కూడా చెప్పండి. గోడ ఆ చివర, మా బాత్‌రూమ్ ఈ చివర. నేను బకెట్టు పెట్టి పట్టి కరివేపాకు కుండీకి పోస్తాను.

అబ్బాయి: అది ట్యాంకు ఉన్నా అంతే, గొట్టం పొడుగుని బట్టి. పదిహేను మీటర్ల ముప్పావంగుళం గొట్టంలో నాలుగు లీటర్ల దాకా చల్లటివి నిలిచి ఉంటాయి. అవి పోవాలి. దీనికైతే మంట అంటుకునే కొన్ని సెకన్లు అదనం. నీళ్ళు గుండ్రంగా తిప్పే పంపు పెట్టించుకుంటే తిప్పగానే వస్తాయి.

బాబాయి: ఆ పంపు పెడితే గొట్టం పొడుగునా నీళ్ళు వేడిగా ఉంచాలి కదా. అప్పుడది ట్యాంకు కాక మరేమిటి? సన్నగా, పొడుగ్గా, దుప్పటి కప్పని ట్యాంకు!

అబ్బాయి: అందుకే పెట్టించలేదు.

బాబాయి: సరే. 2021 ఫిబ్రవరి చెప్పు. మేం బెజవాడలో టీవీ ముందు కూర్చుని నీకు ఫోన్ల మీద ఫోన్లు చేశాం.

అబ్బాయి: ఫిబ్రవరి 15 తెల్లవారుజామున కరెంటు పోయింది. మర్నాడు డాలస్‌లో మైనస్ 19 సెల్సియస్. ఈ మిషన్లో గొట్టాలు గడ్డకట్టకుండా చిన్న కరెంటు హీటర్లు ఉంటాయి. కరెంటు లేకపోతే అవీ లేవు. ఫ్యాను లేదు, నిప్పు రవ్వ లేదు. గ్యాసు వస్తున్నా వెలగదు. పొద్దున్న చూసేసరికి లోపల కాయిలు చీలిపోయింది.

బాబాయి: ఎదురింటాయనకి?

అబ్బాయి: ఆయనది పాతకాలపు ట్యాంకు, ఎప్పుడూ చిన్న దీపం వెలుగుతూ ఉండే రకం. దానికి కరెంటుతో పని లేదు. చీకట్లో, చలిలో కూడా ఆయనింట్లో వేన్నీళ్ళు. మేం వాళ్ళింటికెళ్ళి పాలసీసాలు కడుక్కున్నాం. ఊళ్ళో నీళ్ళు ఆగిపోయిన చోట్ల ట్యాంకు అడుగున పంపు తిప్పి తాగడానికి పట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

బాబాయి: ఆ రాత్రి గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 60 నుంచి 59.3కి దిగింది. 59.4 కింద తొమ్మిది నిమిషాలు ఉంటే ప్లాంట్లు వాటంతటవే విడిపోయేవి, రాష్ట్రమంతా చీకటి. నాలుగు నిమిషాల చిల్లరలో పైకి లాగారు. లాగడమంటే ఏమిటి? జనం కరెంటు తియ్యడం. 45 లక్షల ఇళ్ళు, దుకాణాలు. ఆ చలికీ, చీకటికీ రాష్ట్రం లెక్కలో 246 మంది పోయారు. పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకుందామంటే టెక్సాస్ గ్రిడ్ దేనితోనూ పెద్దగా కలవదు. 2012 జూలైలో ఉత్తరాది గ్రిడ్లు కూలినప్పుడు మన దక్షిణాదికి ఏమీ కాలేదు. అప్పటికి మనం కలవలేదు కాబట్టి. 2013 ఆఖరి రోజున రాయచూరు, షోలాపూర్ లైనుతో కలిశాం. విడిగా ఉంటే ఒకరోజు బతుకుతాం, ఇంకోరోజు చస్తాం. ఇల్లూ అంతే అనుకో. కరెంటు, గ్యాసు, నీళ్ళు మూడూ ఒకే క్షణాన ఉంటేనే నడిచే మిషను మీద ఇల్లంతా ఆధారపడితే, మూడింట్లో ఏది పోయినా స్నానం పోయినట్టే.

అబ్బాయి: ఒకవైపే చెప్తున్నారు బాబాయ్. ఆ వారం అటకల మీద ట్యాంకుల గొట్టాలు పగిలి ఎన్ని సీలింగులు కూలాయో! మా వీధిలో ఇంటిముందు తడిసిన సీలింగు ముక్కలు గుట్టలు పోసుకున్న ఇళ్ళన్నీ ట్యాంకులున్నవే. నాకు పోయింది కాయిలు, వాళ్ళకి పోయింది ఇల్లు. పైగా ఇప్పుడు నాకు తెలిసింది: కరెంటు పోగానే చల్లనీళ్ళ వాల్వు కట్టి, గ్యాసు కట్టి, కింద రెండు ప్లగ్గులు తిప్పి నీళ్ళు వదిలేస్తే గడ్డకట్టడానికి ఏమీ ఉండదు. పది నిమిషాల పని. చిన్న బ్యాటరీ పెట్టుకుంటే అసలు ఆగదు కూడా, ఫ్యానుకీ రవ్వకీ ఎంత కావాలి?

బాబాయి: తెల్లవారుజామున రెండు గంటలకి, మైనస్ పదిహేనులో, టార్చి పట్టుకుని బయటికెళ్ళి ప్లగ్గులు తిప్పుతావు. అదీ నువ్వు ఊళ్ళో ఉంటే. ఉద్యోగం మీద వేరే ఊరెళితే కోడలు తిప్పాలి.

కోడలు: తిప్పుతాను. ఆఖరి బకెట్టు కంటే అది నయం.

అబ్బాయి: సరే, మీరే చెప్పండి. ఇది పోయాక ఏం పెట్టమంటారు? మళ్ళీ అటక మీద పీపానా?

బాబాయి: కాదు. ఇప్పుడు హీట్ పంపు ట్యాంకులొచ్చాయి. పైన చిన్న కంప్రెసరు, ఫ్రిజ్ తిరగేసినట్టు. గాల్లోంచి వేడి లాగి నీళ్ళలోకి తోస్తుంది. ఒక యూనిట్ కరెంటుకి మూడు యూనిట్ల వేడి. అర కిలోవాటు చాలు, నీ 58 ఎక్కడ, అర ఎక్కడ! ఎండాకాలం మీ గ్యారేజీ పొయ్యిలా ఉంటుంది, అది కాస్త చల్లబడుతుంది కూడా. మధ్యాహ్నం సోలార్ ఉన్నప్పుడు కాచి పెట్టుకో, రాత్రికి వాడుకో.

అబ్బాయి: అర కిలోవాటుతో ఎనిమిదిమందికి ఎప్పటికి కాగాలి? తలంట్లు నరక చతుర్దశికి మొదలుపెడితే కార్తీక పౌర్ణమికి అవుతాయి.

బాబాయి: లోపల మామూలు హీటింగు రాడ్లు కూడా ఉంటాయి, ఆ ఒక్కరోజు అవి వేసుకో. యాభై కాకుండా ఎనభై గాలన్లది పెట్టు. మూడొందల లీటర్లు. పిన్ని లెక్కన బకెట్లతో పోసుకుంటే ఎనిమిదిమందికీ సరి.

కోడలు: అందరూ బకెట్లతో పోసుకుంటామని ముందు మా అబ్బాయి చేత ఒప్పించండి.

బాబాయి: వాడికి నేను చెప్తాను.

కోడలు: ఎనభై గాలన్లదంటే ఎంత లావుంటుంది మావయ్యగారూ?

బాబాయి: ఎంతమ్మా, రెండడుగుల చుట్టుకొలత... కాదు, అడ్డం రెండడుగుల పైన. ఎత్తు మనిషంత. చుట్టూ గాలాడ్డానికి ఖాళీ ఉండాలి.

కోడలు: గ్యారేజీలో ఆ మూల రెండో ఫ్రిజ్ ఉంది. ఈ మూల బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు, ఈయన సైకిలు. ఏది తియ్యమంటారు?

అబ్బాయి: సైకిలు ముట్టుకోవద్దు.

పిన్ని: జాడీల జోలికి నేను రానివ్వను.

బాబాయి: టేపు ఎక్కడుందిరా? కొలిచి మాట్లాడదాం.